చేప మింగింది ఏ ప్లాస్టిక్? సముద్రపు చేపల్లో మైక్రోప్లాస్టిక్ రకాలు తేల్చే పద్ధతి, మొదటి నుంచి చివరి దాకా

ప్రాజెక్టు చేస్తున్న విద్యార్థులు నన్ను తరచూ అడిగేది ఒకటే. "చేప పేగులో నీలం పోగు దొరికింది. ఇది ఏ ప్లాస్టిక్?" అని ఫొటో పంపిస్తారు. ఫొటో చూసి ఆ మాట ఎవరూ చెప్పలేరు. చేపను కొన్న దగ్గర నుంచి ఫిల్టర్ మీద పోగు కనబడే దాకా మీరు ఏమేం చేశారో తెలిస్తేనే, అది చేప మింగిందా, మీ చొక్కా నుంచి రాలిందా అన్నది తేలుతుంది. అందుకే ఇక్కడ ముందు జాగ్రత్తలకు చాలా చోటు ఇచ్చాను. అవి సరిగ్గా లేకపోతే ఎంత ఖరీదైన పరికరం పెట్టి చూసినా ఫలితం నిలబడదు.

ఉదాహరణగా విశాఖ ఫిషింగ్ హార్బర్‌కు వచ్చే కానాగంతలు, కవళ్ళు తీసుకుంటున్నాను. కాకినాడలో అయినా, మచిలీపట్నంలో అయినా పద్ధతి ఇదే.

1. "రకం" అంటే మూడు సంగతులు

5 మిల్లీమీటర్ల కంటే చిన్న ప్లాస్టిక్‌ను మైక్రోప్లాస్టిక్ అంటాం. దాని రకం చెప్పాలంటే మూడు ప్రశ్నలకు జవాబు కావాలి: ఒకటి, ఆకారం ఏమిటి; రెండు, రంగు, సైజు ఎంత; మూడు, ఏ పాలిమర్‌తో (నైలాన్, పాలిథిలిన్ లాంటి ప్లాస్టిక్ పదార్థం) తయారైంది. మొదటి రెండూ మైక్రోస్కోప్ చెబుతుంది. మూడోది అది చెప్పలేదు. "నీలం నైలాన్ పోగు" అని మైక్రోస్కోప్ దగ్గరే రాసేయడం నేను ఎక్కువగా చూసే తప్పు. అక్కడ మీకు తెలిసింది "నీలం పోగు, ప్లాస్టిక్ కావచ్చు" అన్నంత వరకే.

ఆకారాలు ఇలా రాసుకోండి:

- పోగు: సన్నగా, పొడవుగా, మొదలు నుంచి చివర దాకా ఒకే లావుతో ఉంటుంది. బట్టలు, వలలు, తాళ్ళ నుంచి వస్తుంది.
- ముక్క: గట్టిగా, అంచులు వంకరటింకరగా ఉంటుంది. పెద్ద వస్తువు విరిగి ఏర్పడింది.
- పొర: పల్చగా, వంగేలా ఉంటుంది. సంచులు, రేపర్ల రకం.
- నురుగు ముక్క: నొక్కితే అణిగి, లోపల గాలి గదులు కనబడతాయి. థర్మోకోల్ పెట్టెల రకం.
- గుళిక, పూస: గుండ్రంగా లేదా కోడిగుడ్డు ఆకారంలో ఉంటుంది. ఫ్యాక్టరీకి ముడిసరుకుగా వెళ్ళే ప్లాస్టిక్ గింజలు ఈ కోవలోవే.

2. చేపల సేకరణ

ఒక్కో జాతికి 50 చేపలు ఉంటే మంచిది. యూరోపియన్ యూనియన్ సముద్ర చెత్త మార్గదర్శకాలు కూడా ఈ సంఖ్యే సూచిస్తాయి. డిగ్రీ ప్రాజెక్టుకు అంత వీలు కాకపోతే తక్కువతో చేయండి, కానీ ఆ సంఖ్యను రిపోర్టులో దాచకండి. పది చేపలు చూసి "బంగాళాఖాతం చేపల్లో ఇంత శాతం" అనే వాక్యం మాత్రం రాయవద్దు.

పొట్ట పగలని, శుభ్రం చేయని, తాజా చేపలే కొనండి. కవళ్ళ పొట్ట త్వరగా మెత్తబడి పగిలిపోతుంది కాబట్టి పడవ దిగిన వెంటనే ఐస్‌లో పెట్టించండి. నోట్లోంచి జీర్ణాశయం బయటికి పొడుచుకొచ్చిన చేపను పక్కన పెట్టేయండి. లోపల ఉన్నదంతా పోయి ఉంటుంది.

చాలామంది మరిచిపోయే పని ఒకటుంది. ఆ పడవ వల నుంచి, తాడు నుంచి, చేపలు వేసిన ట్రే లేదా థర్మోకోల్ పెట్టె నుంచి చిన్న చిన్న ముక్కలు అడిగి తెచ్చుకోండి. ట్రాల్ వల చివరి సంచిలో కిక్కిరిసిన చేపలు వల పోగులనే మింగే అవకాశం ఉంది. అది సముద్రంలో తిన్నది కాదు, పట్టుబడిన తర్వాత లోపలికి వెళ్ళింది. పోల్చడానికి వల ముక్క మీ దగ్గర లేకపోతే ఆ తేడా పట్టలేరు. మత్స్యకారులకు సంగతి విడమరచి చెబితే సంతోషంగా ఇస్తారు, ఏ లోతులో పట్టారో, ఏ వల వాడారో కూడా చెబుతారు. అన్నీ అక్కడే రాసుకోండి.

సేకరణ చెక్‌లిస్ట్:

- జాతి, తేదీ, రేవు, వల రకం, పట్టిన ప్రాంతం రాశారా
- ఒక్కో చేపను అల్యూమినియం ఫాయిల్‌లో చుట్టారా (పాలిథిన్ కవర్‌లో కాదు)
- వల, తాడు, ట్రే నమూనాలు విడివిడిగా గాజు సీసాల్లో వేశారా
- అదే రోజు మైనస్ 20 డిగ్రీల ఫ్రీజర్‌లో పెట్టారా

మనుషుల ఆహారంలోకి ఎంత వస్తుందో చూడాలనుకుంటే కానాగంతల కంటే నెత్తళ్ళు సరైన ఎంపిక. కానాగంతల పేగు తీసేసి వండుతాం, నెత్తళ్ళను చాలాసార్లు పొట్టతోనే తింటాం. అయితే పచ్చివే తీసుకోండి. ఎండబెట్టిన వాటికి ఇసుకలోని, గాలిలోని ప్లాస్టిక్ కూడా అంటుకుంటుంది. అందులో చేప మింగింది ఎంతో విడదీయలేం.

3. ల్యాబ్‌లోకి ప్లాస్టిక్ రాకుండా చూడటం

ఈ పనిలో అన్నిటికంటే కష్టమైన భాగం ఇదే. గాలిలో ఎప్పుడూ బట్టల పోగులు తేలుతూనే ఉంటాయి. మేము చేసిన మొదటి బ్యాచ్‌లో దాదాపు ప్రతి చేపలోనూ ఎర్ర పోగులు వచ్చాయి. తలుపు దగ్గర వేసిన ఎర్ర కాళ్ళపట్టా పోగును పక్కన పెట్టి చూస్తే రెండూ ఒకటే. ఆ బ్యాచ్ మొత్తం వదిలేశాం. నెల రోజుల పని అలా పోయింది.

ఇలా చేయండి:

- నూలు బట్టలు వేసుకోండి. పైన వేసే కోటు కూడా నూలుదే, మామూలుగా చేపల్లో కనబడని ముదురు నారింజ లాంటి రంగుదైతే ఇంకా మంచిది. అప్పుడు ఆ రంగు పోగు దొరికితే అది మీదే అని తెలిసిపోతుంది.
- ఫ్యాన్, ఏసీ ఆపేసి, కిటికీలు మూసి పని చేయండి. లామినార్ ఫ్లో క్యాబినెట్ (వడగట్టిన గాలి వచ్చే పెట్టె) ఉంటే అందులోనే చేయండి.
- గాజు, స్టీలు సామాను మాత్రమే వాడండి. వాడే ముందు వడగట్టిన నీళ్ళతో మూడుసార్లు కడగండి.
- నీళ్ళు, ఆల్కహాల్, క్షార ద్రావణం, ఉప్పు ద్రావణం అన్నిటినీ 1.2 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) గ్లాస్ ఫైబర్ ఫిల్టర్‌తో ముందే వడగట్టండి. రసాయనాలు వచ్చేవి ప్లాస్టిక్ డబ్బాల్లోనే.
- బల్లను 70 శాతం ఆల్కహాల్‌తో నూలు గుడ్డతో తుడవండి. స్పాంజి వద్దు.

ఇంత చేసినా కొంత వస్తుంది. అది ఎంతో తెలుసుకోవడానికి బ్లాంక్‌లు పెట్టాలి. ప్రతి బ్యాచ్‌కు కనీసం మూడు బీకర్లలో చేప లేకుండా రసాయనాలు మాత్రమే పోసి, మిగతా పనంతా చేపతో చేసినట్టే చేయండి. దీనితోపాటు మీరు కోసే చోట, మైక్రోస్కోప్ పక్కన, తడి ఫిల్టర్ పేపర్ వేసిన పెట్రి డిష్ తెరిచి పెట్టండి. పని అయ్యాక దాన్నీ మైక్రోస్కోప్ కింద చూసి లెక్క రాయండి.

రెండు మూడు బీకర్లలో తెలిసిన ప్లాస్టిక్ ముక్కలు పదేసి లెక్కపెట్టి వేసి, చివర ఎన్ని తిరిగి దొరికాయో కూడా చూడండి. పదిలో ఆరే దొరికితే చేపల్లో ఉన్నవి కూడా మీ చేతుల మీదుగా అంతే పోతున్నాయని అర్థం.

4. కోత

చేపను ఫ్రిజ్‌లో మెల్లగా కరగనిచ్చి, వడగట్టిన నీళ్ళతో పైన బాగా కడగండి. పొడవు, బరువు రాయండి. మలద్వారం నుంచి మొప్పల కింది దాకా పొట్ట చీల్చి, అన్నవాహిక పైభాగంలో ఒక కోత, మలద్వారం దగ్గర ఒక కోత పెట్టి పేగు మొత్తాన్ని ఒకేసారి ఎత్తండి. బయట అంటిన కొవ్వును వీలైనంత తీసేయండి, కవళ్ళలో ముఖ్యంగా. పేగు బరువు చూసి నేరుగా గాజు బీకర్‌లో వేసి మూత పెట్టండి. పేగును చీల్చి గలగలా కడగవద్దు. ఒక్కో చేపకు పది నిమిషాలకు మించి తెరిచి ఉంచకండి.

5. మాంసాన్ని కరిగించడం

ఇక్కడ వాడాల్సింది 10 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్ (క్షారం), అంటే లీటరు ద్రావణంలో 100 గ్రాములు. గింజలను నీళ్ళలోకి కొద్దికొద్దిగా వేయండి, గింజల మీద నీళ్ళు పోయవద్దు. బాగా వేడెక్కుతుంది, చర్మాన్ని కాలుస్తుంది. రక్షణ కళ్ళద్దాలు, గ్లౌజులు లేకుండా ముట్టుకోకండి.

పేగు పరిమాణానికి కనీసం మూడు రెట్లు ద్రావణం పోసి, 40 డిగ్రీల దగ్గర 48 నుంచి 72 గంటలు ఉంచండి. తొందరగా కావాలంటే 60 డిగ్రీల దగ్గర 24 గంటలు. అంతకు మించి వేడి వద్దు. రోజుకు రెండుసార్లు బీకర్‌ను మెల్లగా తిప్పండి.

బీకర్ మీద వాచ్ గ్లాస్ మూత పెట్టండి. అల్యూమినియం ఫాయిల్ వద్దు. ఈ క్షారం తగిలితే అల్యూమినియం కరిగిపోయి హైడ్రోజన్ వాయువు వస్తుంది.

నైట్రిక్ ఆమ్లం వాడమని కొన్ని పాత పద్ధతుల్లో ఉంటుంది. త్వరగా కరుగుతుంది నిజమే, కానీ నైలాన్‌ను కూడా కరిగించేస్తుంది. మన తీరంలో నైలాన్ వలలు వాడతారు కాబట్టి, వెతుకుతున్నదాన్నే చేతులారా పోగొట్టుకున్నట్టు అవుతుంది. పొటాషియం హైడ్రాక్సైడ్ కూడా సెల్యులోజ్ అసిటేట్‌ను, అంటే సిగరెట్ ఫిల్టర్ పోగులను దెబ్బతీస్తుంది. రిపోర్టులో ఆ పరిమితి ఒక వాక్యంలో రాయండి.

ఇక్కడ వచ్చే ఇబ్బందులు:

- పైన తెల్లగా, గడ్డగా సబ్బులాగా కట్టింది: కొవ్వు క్షారంతో కలిసి సబ్బు అయింది. నూనె కవళ్ళలో ఇది మామూలే. వడగట్టిన వేడి నీళ్ళు, సుమారు 50 డిగ్రీలవి, కలిపి వేడిగా ఉండగానే వడపోయండి. తర్వాత ఆల్కహాల్‌తో కడగండి.
- అడుగున తెల్ల ముక్కలు మిగిలాయి: చిన్న ఎముకలు, చెవి రాళ్ళు, గవ్వలు. ఇవి క్షారానికి కరగవు.
- పల్చటి పారదర్శక రేకులు మిగిలాయి: రొయ్య, పీత పెంకుల కైటిన్ లేదా పొలుసులు. పొర రకం ప్లాస్టిక్ అని పొరబడేది ఎక్కువగా వీటినే. పెద్దది చేసి చూస్తే గీతలు, వెంట్రుకల అచ్చులు కనబడతాయి.

6. వడపోత

వాక్యూమ్ పంపుతో గాజు ఫన్నెల్ గుండా వడపోయండి. బీకర్‌ను మూడుసార్లు, ఫన్నెల్ గోడలను రెండుసార్లు కడిగి ఆ నీళ్ళూ వడపోయండి. ప్లాస్టిక్ ముక్కలు ఆ గోడలకే అంటుకుంటాయి. గళ్ళు గీసిన ఫిల్టర్ అయితే లెక్కపెట్టేటప్పుడు దారి తప్పరు. ఫిల్టర్‌ను మూత ఉన్న గాజు పెట్రి డిష్‌లో ఆరబెట్టండి.

అడుగున ఇసుక బాగా ఉంటేనే, ఉప్పు నీళ్ళలో ప్లాస్టిక్‌ను పైకి తేల్చి ఇసుక నుంచి వేరు చేసే పద్ధతి వాడండి. లేకపోతే ఆ మెట్టు దాటేయండి. ఒక్కో మెట్టుకూ కొంత పోతుంది, కొంత బయటి నుంచి కలుస్తుంది.

ఉప్పు సంతృప్త ద్రావణం, అంటే లీటరు నీటికి సుమారు 360 గ్రాములు కలిపితే, సాంద్రత 1.2 దాకా వస్తుంది (మామూలు నీళ్ళది 1). పాలిథిలిన్, పాలీప్రొపిలిన్ నీళ్ళ కంటే తేలిక, తేలిపోతాయి. 1.05 ఉన్న పాలీస్టైరిన్, 1.14 ఉన్న నైలాన్ కూడా తేలతాయి. 1.38 దగ్గర ఉండే పాలియెస్టర్, ఆ చుట్టుపక్కలే ఉండే పీవీసీ తేలవు. ఉప్పుతో చేసి "పాలియెస్టర్ దొరకలేదు" అని రాస్తే ఆ మాటకు విలువ లేదు. అడుగు మడ్డిని కూడా మైక్రోస్కోప్ కింద చూడండి, లేదా 1.5 సాంద్రత గల జింక్ క్లోరైడ్ వాడండి. జింక్ క్లోరైడ్ వాడేముందు క్షారం పూర్తిగా కడిగేయాలి. మిగిలితే తెల్లటి మడ్డి కడుతుంది. వాడిన ద్రావణాన్ని సింకులో పోయవద్దు, అది జలచరాలకు విషం. వడగట్టి మళ్ళీ వాడుకోండి.

7. మైక్రోస్కోప్ కింద

స్టీరియో మైక్రోస్కోప్‌లో ఎడమ పై గడి నుంచి మొదలుపెట్టి, పొలం దున్నినట్టు వరుసగా రండి. అనుమానం వచ్చిన ప్రతిదాన్నీ ముందు ఫొటో తీసి, నంబరు వేసి, పొడవు కొలిచి, ఆ తర్వాతే ముట్టుకోండి.

ప్రతిదానికీ ఈ నాలుగు అడగండి:

- కణాల గోడలు, కొమ్మలు లాంటి జీవ నిర్మాణం ఏదైనా ఉందా? ఉంటే ప్లాస్టిక్ కాదు.
- పోగు అయితే, మొదలు నుంచి చివర దాకా లావు ఒకటేనా? చివర సన్నబడితే నాచు కావచ్చు. రిబ్బన్‌లా మెలికలు తిరిగి ఉంటే పత్తి అని అనుమానించండి.
- రంగు అంతటా ఒకేలా ఉందా?
- సూదితో నొక్కితే పొడి అవుతుందా, వంగి తిరిగి వస్తుందా? పొడి అయితే గవ్వ, ఎముక లేదా ఉప్పు. ఎండకు బాగా పెళుసైన ప్లాస్టిక్ కూడా విరుగుతుంది కాబట్టి ఈ ఒక్క పరీక్షతో తేల్చకండి.

కంటితో చేసే గుర్తింపును అర మిల్లీమీటరు కంటే చిన్నవాటి విషయంలో నేను నమ్మను. తెల్లవి, పారదర్శకమైనవి అయితే అంతకంటే పెద్దవైనా అనుమానమే.

వేడి సూది పరీక్ష ఉపయోగపడుతుంది. సూదిని ఎర్రగా కాల్చి ముక్క పక్కకు తెస్తే ప్లాస్టిక్ కరుగుతుంది లేదా ముడుచుకుంటుంది. పత్తి, కైటిన్ అలా చేయవు. కానీ టైరు రబ్బరు కూడా కరగదు. పైగా ఆ ముక్క పాడైపోతుంది. పాలిమర్ పరీక్షకు పంపాల్సిన వాటి మీద ఇది చేయవద్దు.

నైల్ రెడ్ రంగు వేసి నీలి కాంతిలో చూస్తే ప్లాస్టిక్‌లు మెరుస్తాయి. మిగిలిపోయిన కొవ్వు కూడా అలాగే మెరుస్తుంది, పాలియెస్టర్ పోగులు సరిగ్గా మెరవవు. వెతకడానికి సాయంగా వాడండి, రుజువుగా కాదు.

8. పాలిమర్ పేరు తేల్చడం

ఇందుకు ఎఫ్‌టీఐఆర్ లేదా రామన్ స్పెక్ట్రోస్కోపీ కావాలి. ఎఫ్‌టీఐఆర్ పరారుణ కాంతితో, రామన్ లేజర్‌తో ముక్కను పరీక్షించి, ఆ పదార్థానికి వేలిముద్ర లాంటి గీతను (స్పెక్ట్రమ్) ఇస్తాయి. యూనివర్సిటీల కేంద్ర పరికరాల విభాగాల్లో ఫీజు కట్టి చేయించుకోవచ్చు. వెళ్ళే ముందు "ఏటీఆర్ అటాచ్‌మెంట్ ఉందా?" అని తప్పకుండా అడగండి. ముక్కను పొడి చేయకుండా స్ఫటికానికి నొక్కి చూసే అమరిక అది. పొడి చేసి బిళ్ళ కట్టే పద్ధతి ఒంటరి ముక్కకు పనికిరాదు.

ఫోర్సెప్స్‌తో పట్టుకోగలిగే, సుమారు 300 మైక్రాన్లు దాటిన ముక్కలకు ఏటీఆర్ చాలు. చిన్నవాటికి మైక్రోస్కోప్ కలిసిన ఎఫ్‌టీఐఆర్, 20 మైక్రాన్ల లోపు వాటికి రామన్. రామన్‌లో ఒక చిక్కుంది. ముదురు నీలం ముక్కల్లో రంగు పదార్థమే స్పెక్ట్రమ్‌ను ఆక్రమించి కింది పాలిమర్‌ను కప్పేస్తుంది.

అన్నీ పరీక్షించలేకపోతే చీటీలు తీసినట్టు యాదృచ్ఛికంగా ఎంచుకోండి. కనీసం పదోవంతు, నా మాటగా అయితే సగం. అందంగా, పెద్దగా ఉన్నవాటినే పంపితే ఫలితం ఒకవైపు మొగ్గుతుంది.

చూడాల్సిన ముఖ్యమైన పీక్‌లు (స్పెక్ట్రమ్‌లో లేచిన శిఖరాలు), వేవ్‌నంబర్లలో (సెంటీమీటరుకు ఎన్ని తరంగాలు అన్న కొలత):

- పాలిథిలిన్: 2915, 2848, 1470 దగ్గర, 720 దగ్గర
- పాలీప్రొపిలిన్: 2950, 2915, 1455, 1377
- పాలీస్టైరిన్: 3025, 1601, 1492, 695 దగ్గర
- పాలియెస్టర్, పెట్ (నీళ్ళ సీసాల ప్లాస్టిక్): 1715, 1240, 1095, 720 దగ్గర
- నైలాన్: 3300, 2930, 2860, 1635, 1540
- ఆక్రిలిక్ పోగు: 2242 దగ్గర సూదిలాంటి పీక్
- పత్తి, రేయాన్ (మొక్కల సెల్యులోజ్ పోగులు, ప్లాస్టిక్ కావు): 3300 దగ్గర వెడల్పు, 1030 దగ్గర పెద్ద పీక్

సాఫ్ట్‌వేర్ లైబ్రరీతో పోల్చి 70 శాతం పైన సరిపోతే అంగీకరించడం వాడుకలో ఉంది. ఉచితంగా దొరికే ఓపెన్ స్పెసీ అనే వెబ్‌సైట్‌లో కూడా పోల్చుకోవచ్చు. కానీ సాఫ్ట్‌వేర్ ఇచ్చిన పేరును అలాగే రాసేయకండి. పీక్‌లను మీ కళ్ళతో చూడండి. రెండు చోట్ల అది బాగా మోసం చేస్తుంది.

ఒకటి, సబ్బు. చేప కొవ్వు నుంచి వచ్చిన సబ్బుకీ, గ్లౌజుల మీద ఉండే స్టియరేట్‌లకీ (సబ్బులాంటి పదార్థాలు) 2915, 2848 పీక్‌లు ఉంటాయి. సాఫ్ట్‌వేర్ పాలిథిలిన్ అంటుంది. 1540 నుంచి 1580 మధ్య గట్టి పీక్ కనబడితే అది సబ్బు. ఆ ముక్కను వేడి నీళ్ళు, ఆల్కహాల్‌తో కడిగి మళ్ళీ చూడండి.

రెండు, ప్రొటీన్. కరగకుండా మిగిలిన చేప కండ, ఉన్ని, పట్టు అన్నీ 1640, 1540 దగ్గర నైలాన్‌లాగే కనబడతాయి. నైలాన్‌లో 2930, 2860 పీక్‌లు పదునుగా, 3300 పీక్ సన్నగా ఉంటాయి. ప్రొటీన్‌లో 3300 దగ్గర వెడల్పుగా పరుచుకుంటుంది.

నైలాన్ అని తేలితే వెంటనే మీరు దాచిన వల నమూనాను పక్కన పెట్టి రంగు, లావు, స్పెక్ట్రమ్ మూడూ పోల్చండి. మూడూ కలిస్తే ఆ పోగును "వల నుంచి కావచ్చు" అని విడిగా రాయండి.

పోగుల్లో చాలాభాగం చివరికి పత్తి, రేయాన్ అని తేలడం మామూలే. నిరుత్సాహపడకండి, వాటిని ప్లాస్టిక్ లెక్కలో కలపకండి. సెల్యులోజ్ పోగులు అని వేరే వరుసలో చూపండి.

9. లెక్క, రిపోర్టు

ముందు బ్లాంక్ తీసివేత. ఆకారం, రంగు చూసి ఏ రకానికి ఆ రకమే తీసివేయాలి. మూడు బ్లాంక్‌లలో నీలం పోగులు 1, 2, 0 వచ్చాయనుకోండి, సగటు 1. ప్రతి చేపలోని నీలం పోగుల నుంచి ఒకటి తీసేయండి. సున్నా కంటే తగ్గితే సున్నా. ఎర్ర ముక్కల నుంచి మాత్రం తీయకూడదు.

తర్వాత రెండు సంఖ్యలూ ఇవ్వండి. 50 చేపల్లో 18 చేపల్లో ప్లాస్టిక్ దొరికి, మొత్తం 31 ముక్కలు ఉన్నాయనుకుందాం. దొరికిన చేపల శాతం 36. మొత్తం చేపల మీద సగటు 0.62, ప్లాస్టిక్ ఉన్న చేపల మీద సగటు 1.72. ఏ సగటో చెప్పకుండా "చేపకు 1.72" అని రాస్తే చదివేవారు దాదాపు మూడు రెట్లు ఎక్కువ అనుకుంటారు.

రిపోర్టులో ఇవి ఉన్నాయో లేదో చూసుకోండి:

- చేపల సంఖ్య, పొడవు, బరువు, వల రకం
- క్షారం గాఢత, వేడి, గంటలు, ఫిల్టర్ రంధ్రం సైజు
- మీరు చూడగలిగిన అతి చిన్న సైజు
- బ్లాంక్‌లలో ఏం దొరికిందో, వేసిన ముక్కల్లో ఎన్ని తిరిగి దొరికాయో
- మొత్తం ముక్కల్లో ఎన్నింటికి పాలిమర్ పరీక్ష జరిగిందో, ఎన్ని ప్లాస్టిక్ కాదని తేలిందో
- ఆకారం, రంగు, సైజు, పాలిమర్ వేర్వేరు పట్టికల్లో

పాలీప్రొపిలిన్ ముక్క దొరికితే అది తాడు నుంచో, సంచి నుంచో, సీసా మూత నుంచో రావచ్చు. పాలిమర్ పేరు తెలిసినంత మాత్రాన మూలం తెలిసినట్టు కాదు. అందుకే "వచ్చి ఉండవచ్చు" అని మాత్రమే రాయండి.

ఫిల్టర్లను పారేయకండి. నంబర్లు వేసి, మూత ఉన్న గాజు డిష్‌లలో, స్పెక్ట్రమ్ ఫైళ్ళతో సహా దాచండి. వైవాలో ఎవరైనా "17వ చేపలో మూడో పోగు చూపించు" అంటే డిష్ తెరిచి చూపించగలగాలి.